చిగుళ్ల వాపు కొలవడం ఎలా: పిల్లల నుంచి పెద్దల దాకా, ఆడామగా ఇద్దరిలోనూ

చిగుళ్ల వాపు కొలిచే పని చూడటానికి తేలిక. ఒక అద్దం, ఒక ప్రోబ్ (చిగురు అంచును తాకి చూసే సన్నని పనిముట్టు), సున్నా నుంచి మూడు దాకా నాలుగు అంకెలు చాలు. చిక్కంతా పోల్చేటప్పుడు వస్తుంది. పన్నెండేళ్ల అబ్బాయి, ఏడో నెల గర్భిణి, బీపీ మాత్రలు వాడే అరవై అయిదేళ్ల పెద్దాయన: ముగ్గురి చిగుళ్లనూ ఒకే కాగితం మీద రాసి వీళ్లకన్నా వాళ్లకు వాపు ఎక్కువ అని చెప్పాలంటే, ఆ తేడా చిగురులోనే ఉందని చూపగలగాలి. చూసిన చేతిలోనో, వెలుతురులోనో, పాచిలోనో, చుట్ట కాల్చే అలవాటులోనో ఉన్న తేడాను వయసు మీదికీ ఆడామగా మీదికీ నెట్టేసిన థీసిస్‌లు చాలానే ఉంటాయి. హౌస్ సర్జన్లు, ఎండీఎస్ విద్యార్థులు, బడుల్లో దంత పరీక్షల శిబిరాలు పెట్టేవాళ్లు ఆ తప్పులో పడకుండా పని ఎలా నడపాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

1. ఏ సూచికతో కొలవాలి

వాడుకలో ఉన్న సూచికలు చాలా ఉన్నా, వయసుల మధ్య పోలికకు పనికొచ్చేవి కొన్నే.

హెరాల్డ్ లో, సిల్నెస్ 1963లో ప్రచురించిన జింజివల్ ఇండెక్స్ ఇప్పటికీ ఎక్కువగా వాడేది. అది పుట్టిందే గర్భిణుల చిగుళ్ల మీద జరిగిన అధ్యయనంలో. అంటే హార్మోన్ల వల్ల చిగురులో వచ్చే మార్పు పట్టుకోవడానికే తయారైన కొలత అది. స్కోర్లు ఇలా వేస్తారు:

0: మామూలు చిగురు.
1: రంగు కొద్దిగా మారింది, కొద్దిగా ఉబ్బింది. ప్రోబ్ తగిలించినా రక్తం రాదు.
2: ఎర్రబడింది, ఉబ్బింది, పైన నిగనిగలాడుతోంది. ప్రోబ్ తగిలిస్తే రక్తం వస్తుంది.
3: బాగా ఎర్రగా, బాగా ఉబ్బి, పుండు పడి ఉంది, లేదా ముట్టుకోకుండానే రక్తం కారుతుంది.

1975లో ఐనామో, బే తెచ్చిన బ్లీడింగ్ ఇండెక్స్‌లో రక్తం వచ్చిందా, రాలేదా అన్నది ఒక్కటే చూస్తారు. లెక్క శాతంలో వస్తుంది. 1986లో లోబీన్ బృందం తెచ్చిన సవరించిన జింజివల్ ఇండెక్స్‌లో ప్రోబ్ అసలు వాడరు. కంటితో చూసి 0 నుంచి 4 దాకా వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నాటి సర్వే పుస్తకంలోని పద్ధతిలో నోట్లో ఉన్న ప్రతి పంటికీ రక్తం ఉందా లేదా అని రాస్తారు. పదిహేనేళ్ల లోపు వాళ్లకు పాకెట్ (పంటికీ చిగురుకూ మధ్య లోతుపడిన సందు) లోతు కొలవరు.

మా సలహా: లో-సిల్నెస్ స్కోరు వేయండి. అదే చోట్లలో రక్తం వచ్చినవి ఎన్ని శాతమో విడిగా లెక్కగట్టండి. అవే చోట్లలో పాచి స్కోరు కూడా వేయండి. ఈ మూడూ ఒకే చోటి నుంచి వస్తేనే తర్వాత తేడాలకు కారణం వెతకడం సాధ్యమవుతుంది. పాచి స్కోరు లేకుండా ఆడామగా పోలిక మొదలుపెట్టకపోవడమే మంచిది. ఎందుకో ఎనిమిదో అంచెలో వస్తుంది.

చిన్నపిల్లలకు ప్రోబ్ భయం కదా అని వాళ్లకు ఒక సూచిక, పెద్దలకు ఇంకో సూచిక వాడి, రెండింటినీ ఒకే పట్టికలో పెట్టకండి. 0 నుంచి 4 దాకా ఉన్న కొలతను 0 నుంచి 3 దాకా ఉన్న దానిలోకి మార్చే సూత్రమేదీ లేదు.

2. ఏ పళ్లు, ఏ చోట్లు

లో-సిల్నెస్ పద్ధతికి ఆరు పళ్లు: 16, 12, 24, 36, 32, 44. అంటే పైన కుడివైపు మొదటి మోలార్ (వెనక దవడ పన్ను), పైన కుడివైపు పక్క ఇన్సైజర్ (ముందు కొరికే పన్ను), పైన ఎడమవైపు మొదటి ప్రీమోలార్ (మోలార్లకు ముందుండే పన్ను), కింద ఎడమవైపు మొదటి మోలార్, కింద ఎడమవైపు పక్క ఇన్సైజర్, కింద కుడివైపు మొదటి ప్రీమోలార్. ఒక్కో పంటికి నాలుగు చోట్లు: బయటివైపు మూడు (వెనక సందు, మధ్య అంచు, ముందు సందు), లోపలివైపు అంచు ఒకటి. మొత్తం 24.

పాలపళ్లు ఉన్న పిల్లల్లో వాటి స్థానంలో 55, 52, 64, 75, 72, 84 చూస్తారు. ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా పాలపళ్లూ శాశ్వత పళ్లూ కలిసి ఉంటాయి. అప్పుడు ఏ పన్ను చూశారో దాని నంబరే రాయండి. సగం పైకి వచ్చిన పంటిని చూడకండి. వస్తున్న పంటి చుట్టూ చిగురు సహజంగానే ఎర్రగా, లావుగా ఉంటుంది. దాన్ని వాపుగా లెక్కేస్తే ఆ వయసు పిల్లల సగటు ఊరికే పెరుగుతుంది. పన్ను పూర్తిగా వచ్చిందని దేన్ని బట్టి అనాలో ముందే తేల్చుకోండి. మోలార్ నమిలే ముఖమంతా కనబడాలి, ఇన్సైజర్ అయితే పక్క పన్ను ఎత్తులో కనీసం సగమైనా రావాలి అని పెట్టుకుంటే గొడవ ఉండదు.

పన్ను లేకపోతే ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. అరవై దాటినవాళ్లలో ఈ ఆరింటిలో రెండు మూడు ఉండకపోవడం మామూలే. ప్రత్యామ్నాయ పన్ను తీసుకుంటారా, ఖాళీగా వదిలేస్తారా అన్నది మొదటి మనిషిని చూడకముందే రాసుకోండి. మేమైతే ఖాళీగా వదిలి, ఎన్ని చోట్లు చూశామో ఆ సంఖ్యతోనే భాగించమంటాం. నోట్లో మొత్తం ఎన్ని పళ్లున్నాయో కూడా రాయండి. పెద్దవాళ్ల నోట్లో మిగిలినవి నిలదొక్కుకున్న పళ్లు. బాగా చెడినవి ఎప్పుడో ఊడిపోయాయి, లేదా పీకించుకున్నారు. అందుకే ముసలివాళ్ల సగటు ఒక్కోసారి నడివయసువాళ్లకన్నా తక్కువగా వస్తుంది. దాన్ని చిగుళ్ల ఆరోగ్యం అనుకుంటే పొరపాటు.

3. సరంజామా

ఒక్కో పరీక్షకుడికి కనీసం 30 నోటి అద్దాలు, 30 ప్రోబ్‌లు ఉండాలి. అప్పుడే కొన్ని వాడుతుండగా కొన్ని ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిములను చంపే పెట్టె) ఉంటాయి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్, 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర, ప్యాక్ చేసినవైతే 30 నిమిషాలు ఉంచాలి. ఆ 30 నిమిషాలు వేడి 121కి చేరాక మొదలవుతాయి, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు.

ప్రోబ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ రకం తీసుకోండి. దాని కొసన 0.5 మిల్లీమీటర్ల చిన్న గుండు ఉంటుంది. 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా నల్ల పట్టీ, 8.5 దగ్గర, 11.5 దగ్గర గీతలు ఉంటాయి. గుండు ఉన్న కొస చిగురును గుచ్చదు. సన్నమొన ప్రోబ్‌తో చూస్తే వాపు లేని చిగురు నుంచి కూడా గీరుకుని రక్తం వస్తుంది. సర్వే మొత్తం ఒకే కంపెనీ, ఒకే రకం ప్రోబ్ వాడండి. పాత వాటిలో కొస వంగినవి ఏరిపారేయండి.

వెలుతురుకు తెల్లని ఎల్ఈడీ తలలైటు కొనండి. బడి గదిలో కిటికీ వెలుతురును నమ్ముకుంటే పొద్దున చూసిన పిల్లలకూ సాయంత్రం చూసిన పిల్లలకూ స్కోర్లు వేరవుతాయి. పసుపు బల్బు కింద లేత గులాబీకీ లేత ఎరుపుకూ తేడా తెలియదు, 0కీ 1కీ మధ్య గీత చెరిగిపోతుంది.

ఇవి కాక గాజ్ (పలుచని నూలు) గుడ్డ ముక్కలు, గ్లవ్స్, మాస్కులు, సెకన్ల ముల్లున్న గడియారం, అర గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ తూనిక.

4. చేయి సరిచేసుకోవడం

పని మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

ప్రోబ్ నొక్కే బలం 20 నుంచి 25 గ్రాముల మధ్య ఉండాలి. సుమారు 0.25 న్యూటన్ల బలం దాటితే ఆరోగ్యమైన చిగురు నుంచి కూడా దెబ్బ తగిలి రక్తం వస్తుందని 1990ల మొదట్లో లాంగ్ బృందం చూపింది. కాబట్టి గట్టి చేయి ఉన్న పరీక్షకుడు చూసిన ఊళ్లో వాపు ఎక్కువని తేలుతుంది. తూనిక మీద ప్రోబ్ కొసను నిలువుగా పెట్టి, కళ్లు మూసుకుని నొక్కండి, తర్వాత అంకె చూడండి. వరుసగా ఇరవై సార్లు 20-25 మధ్య పడేదాకా సాధన చేయండి. సర్వే రోజుల్లో ప్రతి ఉదయం, భోజనం తర్వాత మరోసారి ఇదే చేయాలి. తూనిక లేనిచోట కొసను బొటనవేలి గోటి కిందికి చేర్చి నొక్కి చూసుకోవచ్చు. నొప్పి లేకుండా గోటి కింద తెల్లబడితే చాలు, అంతకు మించొద్దు.

ఆ తర్వాత ఒకే మనిషిని రెండుసార్లు చూడటం. ఓ పదిహేను ఇరవై మందిని, అన్ని వయసులవాళ్లూ ఆడామగా ఇద్దరూ ఉండేలా తీసుకోండి. రక్తం వచ్చిన చోటిని వెంటనే మళ్లీ ప్రోబ్ చేస్తే రెండో స్కోరు పాడవుతుంది. కనీసం కొన్ని గంటలు, వీలైతే ఒక రోజు ఎడం ఇవ్వండి. వారం దాటనివ్వకండి, అప్పటికి చిగురే మారిపోతుంది.

రెండు స్కోర్లు ఎంత కలిశాయో శాతంలో చెప్పి సరిపెట్టకండి. ఒక లెక్క చూద్దాం. 100 చోట్లు. రెండుసార్లూ రక్తం వచ్చినవి 10, రెండుసార్లూ రానివి 80. మొదటిసారే వచ్చినవి 5, రెండోసారే వచ్చినవి 5. కలిసింది 90 శాతం, వినడానికి గొప్పగా ఉంది. కానీ ప్రతిసారీ 15 చోట్ల రక్తం రాసినవాడు గుడ్డిగా రాసినా కలిసే భాగం 0.15×0.15 + 0.85×0.85 = 0.745. అలా ఊరికే కలిసేదాన్ని తీసేశాక మిగిలే కలయికను చెప్పే కొలత కప్పా. అది (0.90−0.745)÷(1−0.745), అంటే 0.61 మాత్రమే. ఫరవాలేదనిపించే స్థాయికి అంచున ఉంది. 0.8 దాటేదాకా సాధన చేసి అప్పుడు బయల్దేరండి. 0-3 స్కోర్లకు వెయిటెడ్ కప్పా వాడాలి. 1కి బదులు 2 వేయడం చిన్న తప్పు, 0కి బదులు 3 వేయడం పెద్ద తప్పు అని అది గుర్తిస్తుంది. సర్వే నడుస్తుండగా కూడా పదిమందిలో ఒకరిని మళ్లీ చూడండి. నెల గడిచేసరికి ఎవరి చేయి అయినా మెల్లగా జారుతుంది.

ఇద్దరు పరీక్షకులుంటే ఒకరు అబ్బాయిలను, ఒకరు అమ్మాయిలను చూడటం మన దగ్గర సహజంగానే జరిగిపోతుంది. కుదరదు. అప్పుడు పరీక్షకుడి తేడాకూ ఆడామగా తేడాకూ మధ్య గీత గీయడం ఎవరి తరమూ కాదు. ఇద్దరూ రెండు వర్గాలనూ సగం సగం చూడాలి. ఆడపిల్లలను మగ డాక్టరు చూసేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండేలా ఏర్పాటు చేయండి.

5. నోరు తెరిపించే ముందు అడగాల్సినవి

ప్రశ్నలన్నీ వాపును పెంచేవీ, కప్పేసేవీ పట్టుకోవడానికే.

పొగ, పొగాకు ముందు. పొగ తాగేవాళ్ల చిగురు నుంచి రక్తం తక్కువ వస్తుంది. లోపల జబ్బు ముదిరినా పైకి పాలిపోయి, గట్టిగా కనిపిస్తుంది. మగవాళ్లు ఎక్కువగా పొగ తాగే ఊళ్లో మగవాళ్లకు వాపు తక్కువని తేలితే దాన్ని నమ్మకండి. ఆడవాళ్లు పొగ తాగరు కదా అని ఈ ప్రశ్న వదిలేయడం ఉత్తరాంధ్రలో పెద్ద తప్పు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు పెద్దవయసు ఆడవాళ్లలో ఉంది. బీడీ, చుట్ట, అడ్డపొగ, గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ, ఒక్కొక్కటీ విడిగా పేరు పెట్టి అడగండి. పొగాకు అలవాటుందా అని ఒక్కమాటలో అడిగితే జర్దా కిళ్లీ వేసేవాళ్లు లేదనే చెబుతారు.

మందుల సంగతి. ఫిట్స్‌కు ఫెనిటోయిన్, బీపీకి ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ చిగురును లావుగా పెంచుతాయి. గుండెకు వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచబడే మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. బీపీ ఏ మాత్ర అంటే చాలామంది పేరు చెప్పలేరు, స్ట్రిప్ తెచ్చుకోమని ముందురోజే చెప్పాలి.

షుగర్ ఉందా, ఎన్నేళ్లుగా. ఈమధ్య పళ్లు శుభ్రం చేయించుకున్నారా, యాంటీబయాటిక్స్ వాడారా. ఈరోజు దేనితో తోముకున్నారు, ఎంతసేపైంది. వేపపుల్ల చిగురును గీరితే ఆ గీరుకు పడే రక్తం వాపు కాదు.

ఆడవాళ్లను నెలసరి, గర్భం, నెలసరి ఆగిపోవడం గురించి అడగాలి. క్లాసులో అందరి ముందూ అడగకూడదు. పక్క గదిలో ఒక అక్కయ్యో, నర్సమ్మో ఒక్కొక్కరినీ అడగాలి. బడి పిల్లల్లో మొదటి నెలసరి వచ్చిందా అన్నది వయసుకన్నా ముఖ్యం. పన్నెండేళ్ల ఇద్దరమ్మాయిల్లో ఒకరికి యుక్తవయసు మొదలై ఉండొచ్చు, ఇంకొకరికి కాకపోవచ్చు. అబ్బాయిలకు ఇంత తేలికైన గుర్తు లేదు, వయసును నెలల్లో రాసుకోండి. గర్భిణులకు ఎన్నో నెలో రాయండి. కొత్తగా నెల తప్పినవాళ్లు అందరికీ చెప్పరని గుర్తుంచుకుని, తెలియదు అని రాసే వీలు కూడా కాగితంలో ఉంచండి.

కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లు, ఇంతకు ముందు గుండె పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు, పుట్టుకతోనే తీవ్రమైన గుండె లోపం ఉన్నవాళ్లను ప్రోబ్ చేయకండి. వాళ్లకు ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ లేకుండా చిగురును కెలకకూడదు. సర్వే కోసం ఆ మందు ఇవ్వడం సబబు కాదు, పేరు పక్కన "మినహాయింపు" అని రాసి ఊరుకోండి.

6. పరీక్ష

క్రమం మారకూడదు. ముందు కంటితో చూడటం, తర్వాత ప్రోబ్, ఆ తర్వాత పాచి, అవసరమైతే చివరన పాచిని చూపించే రంగు మందు. పాచి కోసం ముందే ప్రోబ్‌తో అంచు గీకితే అక్కడే రక్తం వచ్చి చిగురు స్కోరు పాడవుతుంది. రంగు మందు ముందే పూస్తే చిగురు కూడా ఎర్రబడి ఇక ఏ స్కోరూ వేయలేం.

మనిషిని వెనక్కి వాల్చండి. ఆరేడు నెలలు దాటిన గర్భిణిని పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టకండి. గర్భసంచి పెద్ద రక్తనాళం మీద ఒత్తి కళ్లు తిరుగుతాయి. కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి ఎడమవైపుకు ఒరిగేలా చూడండి.

నీళ్లు పుక్కిలించమని, గుడ్డతో పంటి చుట్టూ మెల్లగా అద్ది ఆరబెట్టండి. తడి మీద నిగనిగ ఉమ్మి వల్లో వాపు వల్లో తెలియదు. రంగు, అంచు ఆకారం, సందులో చిగురు మొన, గట్టిదనం చూడండి. నారింజ తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు ఆరిన చిగురు మీద కనిపించొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి అవి ఉండవు, చిన్నపిల్లల్లో ఇంకా తక్కువగా కనిపిస్తాయి. కాబట్టి అవి లేవని స్కోరు పెంచకండి.

ఇప్పుడు ప్రోబ్. కొసను చిగురు అంచు లోపలికి కొద్దిగా జార్చి, గోడకు ఆనించి, ఏటవాలుగా పట్టుకుని, వెనక సందు నుంచి ముందు సందు దాకా ఒకే ఊపులో మెల్లగా లాగండి. అడుగు దాకా దించకండి. అడుగు దాకా దింపి చూసే రక్తం వేరు, అంచు వెంట లాగితే వచ్చే రక్తం వేరు. ఒకే సర్వేలో రెండూ కలపకూడదు. ఒక పంటి బయటివైపు మూడు చోట్లూ లాగాక 10 సెకన్లు ఆగి, వెనక్కి వచ్చి మూడింటికీ స్కోరు చెప్పండి. వెంటనే చెబితే ఆలస్యంగా వచ్చే రక్తం తప్పిపోతుంది. తర్వాత లోపలివైపు.

అంకెలు రాసేవాళ్లు వేరే మనిషై ఉండాలి. చెప్పిన అంకెను వాళ్లు తిరిగి చదవాలి. "రెండు", "మూడు" సందడిలో కలిసిపోతాయి.

అవే 24 చోట్లకు సిల్నెస్-లో పాచి స్కోరు (1964) వేయండి. ఏమీ లేకపోతే 0. కంటికి కనబడక ప్రోబ్ కొసకు అంటితే 1. కంటికి కనిపిస్తే 2. దట్టంగా పేరుకుని ఉంటే 3. గార ఉంటే విడిగా గుర్తు పెట్టండి.

ఆరు పళ్లకు అలవాటైన చేతికి అయిదారు నిమిషాలు పడుతుంది. ఒక పూటలో పాతిక మందికి మించి చూడకండి.

7. వయసును బట్టి, ఆడామగాను బట్టి ఎక్కడ మోసపోతాం

మనవాళ్ల చిగుళ్లలో చాలామందికి గోధుమ, నలుపు రంగు సహజం. పుస్తకాల్లో బొమ్మలన్నీ గులాబీ రంగు చిగుళ్లవి. నల్ల చిగురులో లేత ఎరుపు కనబడదు, 1 వేయాల్సిన చోట 0 పడుతుంది. అలాంటిచోట రంగును పక్కనబెట్టి అంచు మందం, మొన ఉబ్బు, మెత్తదనం చూడండి. రంగు లేని సన్నని అంచు ఉంటే అక్కడ ఎరుపు వెతకండి. చిగురు ఎంత నల్లగా ఉందో లేదు, కొంచెం, బాగా అని ఒక గడిలో రాస్తే లెక్కల్లో తర్వాత పనికొస్తుంది. దీనికి అవతల, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి మించి ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. పాలిపోయిన చిగురులో ఎరుపు తెలియక ఆడవాళ్ల స్కోరు తగ్గే ప్రమాదముంది. రక్తం వచ్చిన శాతాన్ని విడిగా చూపమనడానికి ఇది ఒక కారణం.

అయిదారేళ్ల పిల్లలు: పాలపళ్ల చుట్టూ చిగురు సహజంగానే కాస్త ఎర్రగా, అంచు గుండ్రంగా ఉంటుంది. పెద్దవాళ్ల చిగురుకు అలవాటుపడిన కన్ను దానికి 1 వేసేస్తుంది. పాచి బాగా ఉన్నా ఈ వయసులో వాపు తక్కువగా ఉండటం నిజమే, అది మీ తప్పు కాదు.

పదకొండు నుంచి పదిహేను: వాపు పెరిగే కాలం. ఆడపిల్లల్లో ఇది ముందు మొదలై ముందు తగ్గుతుంది, మగపిల్లల్లో ఆలస్యం. కాబట్టి 12 ఏళ్లవాళ్లను మాత్రమే చూస్తే ఒక జవాబు, 15 ఏళ్లవాళ్లను మాత్రమే చూస్తే ఇంకో జవాబు వస్తుంది. రెండూ చూడండి. నోటితో గాలి పీల్చే పిల్లల్లో పైముందు పళ్ల చిగురు మాత్రమే ఎర్రగా మెరుస్తుంది, రాసిపెట్టండి. పళ్లకు క్లిప్పులున్న పిల్లలను విడిగా లెక్కించండి.

గర్భిణులు: రెండో నెల నుంచి వాపు మొదలై ఎనిమిదో నెల దాకా పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. అందరినీ ఒకే గంపలో వేస్తే మూడో నెలవాళ్లు ఎనిమిదో నెలవాళ్లను కిందికి లాగేస్తారు. నెలల వారీగా రాయండి. ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద రెండు, మూడు త్రైమాసికాల గర్భిణులు పరీక్షకు వస్తారు. అనుమతులు తీసుకుని అక్కడ చూడటం తేలిక. అయితే మొదటి మూడు నెలలవాళ్లు అక్కడ తక్కువగా దొరుకుతారు, వాళ్ల కోసం అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సాయం తీసుకోవాలి. సందులోంచి బయటికి పెరిగిన ఎర్రని గడ్డ కనిపిస్తే దాన్ని చూసి 3 వేయకండి. అది వేరే పరిస్థితి, విడిగా రాసి, పక్క చోట్లకు మామూలుగా స్కోరు వేయండి.

నెలసరి ఆగినవాళ్లలో కొందరికి చిగురు పలచగా, పొడిగా, తాకితే మంట పుట్టేలా ఉంటుంది. ఉబ్బు లేకుండానే రక్తం వస్తుంది. నియమం ప్రకారం రక్తం వస్తే 2. కానీ "ఉబ్బు లేదు" అని పక్కన రాయండి.

పెద్దవయసువాళ్లకు నోరు ఎండడం, మందులు, వంగని వేళ్ల వల్ల తోముకోలేకపోవడం అన్నీ కలుస్తాయి. చిగురు కిందికి దిగిపోయినా జింజివల్ ఇండెక్స్‌కు పట్టదు, అది కొలిచేది వాపునే. పంటికి పట్టు ఎంత పోయిందన్నది తెలియాలంటే అటాచ్‌మెంట్ లాస్ (చిగురు పంటిని పట్టుకునే చోటు ఎంత దిగిపోయిందో) విడిగా కొలవాలి.

8. లెక్క కట్టడం

ఒక మనిషి ఉదాహరణ. స్కోర్లు: 16కు 1, 1, 2, 2, 12కు 1, 0, 1, 0, 24కు 1, 1, 1, 1, 36కు 2, 1, 2, 2, 32కు 2, 1, 2, 2, 44కు 1, 0, 1, 1. మొత్తం 29. 24తో భాగిస్తే 1.21. 0.1 నుంచి 1.0 స్వల్పం, 1.1 నుంచి 2.0 మధ్యస్థం, 2.1 నుంచి 3.0 తీవ్రం. ఇతనిది మధ్యస్థం. రక్తం వచ్చినవి, అంటే 2 ఆపైన ఉన్నవి, 8. శాతం 33.

సగటు ఒక్కటే ఇస్తే ఏం పోతుందో చూడండి. అన్నిచోట్లా 1 ఉన్న మనిషికీ, సగం చోట్ల 0, సగం చోట్ల 2 ఉన్న మనిషికీ సగటు 1.0 వస్తుంది. మొదటివాడికి ఎక్కడా రక్తం రాదు, రెండోవాడికి సగం నోట్లో వస్తుంది. సగటు పక్కనే శాతం కూడా చూపమనేది అందుకే. 2017 ప్రపంచ వర్క్‌షాప్ వర్గీకరణ 10 శాతం లోపు రక్తస్రావాన్ని ఆరోగ్యంగా, 10 నుంచి 30ని పరిమిత వాపుగా, 30 దాటితే విస్తృత వాపుగా చెబుతుంది. అది నోరంతా, పంటికి ఆరు చోట్లు చూసి వేసే లెక్క. 24 చోట్ల శాతానికి ఆ పేర్లు పెట్టకండి.

పోలికకు ఎందరు కావాలి? ఒక వయసు గుంపులో ఆడామగా మధ్య 0.2 తేడా పట్టుకోవాలనుకుందాం. స్కోరు ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 0.5 అనుకుంటే, 80 శాతం శక్తికి, అంటే నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం ఉండటానికి, ఒక్కో వైపు సుమారు 98 మంది కావాలి. 5, 12, 15, 35-44, 65-74 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే అయిదు గుంపులు, రెండు వర్గాలు: 980 మంది. బడుల నుంచి గుంపులుగా ఎంచితే ఒకే బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక ఒకటిన్నర రెట్లు, ఒక్కో వైపుకు 147 పెట్టుకోండి. ఇంతమంది కుదరకపోతే వయసు గుంపులు తగ్గించండి, ఒక్కో గుంపులో మనుషులను తగ్గించకండి.

పాచి స్కోరు విలువ ఇక్కడ తేలుతుంది. అబ్బాయిల సగటు 1.3, అమ్మాయిల సగటు 1.0 అనుకుందాం. పాచి స్కోరు కూడా అబ్బాయిల్లో అంతే ఎక్కువగా ఉండి, దాన్ని లెక్కలోకి తీసుకున్నాక తేడా పోతే, మీరు కనుక్కున్నది తోముకునే అలవాటులో తేడా. పాచి సమానంగా ఉండి గర్భిణుల్లో వాపు ఎక్కువగా ఉంటే అప్పుడు హార్మోన్ల మాట ఎత్తవచ్చు. పాచే వాపుకు మూలమని 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో జరిగిన ప్రయోగం చూపింది. పన్నెండు మంది తోముకోవడం ఆపితే 10 నుంచి 21 రోజుల్లో అందరికీ వాపు వచ్చింది, మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో పోయింది. వయసూ హార్మోన్లూ ఆ పాచికి చిగురు ఎంతగా స్పందిస్తుందో మారుస్తాయి. కాబట్టి రిగ్రెషన్‌లో (ఒక్కో కారణం ప్రభావాన్ని విడదీసి చూసే లెక్క) పాచి, పొగాకు, షుగర్, మందులు, పరీక్షకుడు, ఇవన్నీ వేశాకే వయసు, ఆడామగా గురించి మాట్లాడండి. ఆడామగా తేడా వయసును బట్టి మారుతుందా అని చూసే పదం కూడా వేయండి. పన్నెండేళ్లకూ అరవైకీ జవాబు ఒకటి కాదు.

పట్టికలో ఒక్కో గడికి మనుషుల సంఖ్య, సగటు పళ్ల సంఖ్య, చిగురు స్కోరు సగటు, విచలనం, రక్తం శాతం, పాచి సగటు ఉండాలి. కప్పా విలువ, ప్రోబ్ రకం, బలం, వెలుతురు, ఆగిన సెకన్లు పద్ధతి భాగంలో రాయండి. అవి లేని పట్టికను ఇంకో ఊరి పట్టికతో పోల్చడానికి వీల్లేదు.

9. వెంటనే పంపాల్సినవాళ్లు

ముట్టుకోకుండానే రక్తం కారుతూ, చిగురు బాగా ఉబ్బి, మనిషి పాలిపోయి, జ్వరం, ఒంటి మీద నల్లమచ్చలు ఉంటే అదే రోజు రక్తపరీక్షకు పంపండి. రక్త క్యాన్సర్ ఒక్కోసారి ముందు చిగుళ్లలోనే బయటపడుతుంది. సందులో చిగురు మొనలు తెగిపోయినట్టు గుంటపడి, దుర్వాసన, తీవ్ర నొప్పి ఉంటే ఆ మనిషికి సర్వే కాదు, చికిత్స కావాలి. అడ్డపొగ కాల్చేవాళ్ల అంగిలిని తప్పకుండా చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఏది కనిపించినా నోటి క్యాన్సర్ చూసే చోటికి చీటీ రాయండి. మిగతావాళ్లలో ఎక్కడైనా 2 పడిన ప్రతి ఒక్కరికీ ఎక్కడ పళ్లు శుభ్రం చేయించుకోవచ్చో తెలుగులో రాసిన కాగితం చేతికివ్వండి. గర్భిణికి రెండో త్రైమాసికంలో శుభ్రం చేయించుకోవడం సురక్షితమని అందులో ప్రత్యేకంగా రాయండి. చాలా ఇళ్లలో కాన్పు అయ్యేదాకా పంటి డాక్టరు దగ్గరికి వెళ్లనివ్వరు.